తాతయ్య మడత చాకుని మళ్ళీ జేబులోకి తెచ్చుకోవడం ఎలా

ఇనప్పెట్టె అడుగున, కుట్టుమిషను సొరుగులో, అటక మీది రేకు డబ్బాలో... చాలా ఇళ్ళలో ఒక పాత మడత చాకు ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. తాతదో, పెదనాన్నదో. తుప్పు పట్టి, సగం తెరుచుకుని బిగుసుకుపోయి ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు. వాడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

మా తాతయ్య బడిపంతులు. ఆయన జుబ్బా జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. పొద్దున పిల్లల పెన్సిళ్ళు చెక్కేది అదే, మధ్యాహ్నం జామకాయ కోసేది అదే, సాయంత్రం మల్లెపందిరికి కట్టే పురికొస తెంచేదీ అదే. ఆయన పోయాక పదిహేనేళ్ళు దాన్నెవరూ ముట్టుకోలేదు. నేను తీసి చూసేసరికి పెద్ద బ్లేడు కదలడమే లేదు. చిన్నది కదులుతుంది గానీ పూర్తిగా తెరుచుకోదు. బాగు చేయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడది రోజూ నా జేబులో ఉంటుంది. ఆ మూడు ఆదివారాల్లో తెలిసిందీ, ఆ తరవాత మరికొన్ని పాత చాకులు బాగుచేస్తూ నేర్చుకున్నదీ వరసగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. పాత చాకుని కొత్తదానిలా మెరిపించాలని మాత్రం కూర్చోకండి. బొటనవేలు ఆనేచోట అరిగిన పిడి, బ్లేడు మీది నల్లటి నీడ, ఏళ్ళ తరబడి నూరడంతో సన్నబడ్డ అంచు, ఇవన్నీ దాన్ని వాడిన మనిషి చేతి గుర్తులు. తుప్పు పోవాలి, మురికి పోవాలి, పదును రావాలి. మిగతావి అలాగే ఉండనివ్వండి. మెరుపు కోసం చెరిపేసిన గుర్తుని మళ్ళీ ఎవరూ తెచ్చిపెట్టలేరు.

ముందు దాన్ని చదవండి

చాకుని కడగకముందే, రుద్దకముందే పగటి వెలుతురులో పెట్టి భూతద్దంతో చూడండి. బ్లేడు పిడిలోకి దిగే మొదలు దగ్గర తయారుచేసినవాళ్ళ ముద్ర కొట్టి ఉంటుంది. తుప్పు కింద సగమే కనిపించినా సరే, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. కంగారుగా రుద్దితే మొదట పోయేది ఆ ముద్రే.

మా తాతయ్య చాకు మీద ఒక నక్షత్రం, దాని పక్కన నాలుగు రెక్కల శిలువ బయటపడ్డాయి. ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్ళో ఉండిన జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ గుర్తు అది, 1764లో నమోదైంది. షెఫీల్డ్ కత్తుల పనివాళ్ళ సంఘానికి ఇంకా వయసెక్కువ, 1624లో ఏర్పడింది. తెల్లదొరల కాలంలో అక్కడి చాకులు మన దేశానికి బాగా వచ్చేవి. ఆ పేరుకున్న గిరాకీ చూసి నకిలీలు కూడా పుట్టాయి. అందుకని ముద్ర ఒక్కటే చూసి అసలుదని తేల్చేయకండి. బ్లేడు కూర్చున్న తీరు, రివిట్ల నేర్పు, స్ప్రింగు బిగువు కూడా చూడాలి.

కాలం తెలుసుకోవడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. కిరీటానికి అటూ ఇటూ ఇంగ్లీషు వీ, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837కీ 1901కీ మధ్యది. జీ, ఆర్ ఉంటే జార్జి రాజుల్లో ఒకరి కాలం. దేశం పేరు, అంటే ఇంగ్లండ్ అనో జర్మనీ అనో కొట్టి ఉంటే చాలామటుకు 1891 తరవాతది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా పెట్టిన నిబంధన ఆ ఏడాది అమల్లోకి వచ్చింది. అమెరికాలో ఉంటూ పాత సామాను సంతల్లో తిరిగే మనవాళ్ళకు కేస్ కంపెనీ చాకులు తరచుగా తగులుతాయి. 1970లో వాళ్ళు ముద్ర కింద పది చుక్కలు వేసి, ఆ దశాబ్దమంతా ఏడాదికొక చుక్క తగ్గిస్తూ వచ్చారు. చుక్కలు లెక్కపెడితే పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది.

తరవాత ఉక్కు ఏ రకమో తేల్చుకోవాలి. స్టెయిన్‌లెస్ అనో, ఇనాక్స్ అనో, రోస్ట్‌ఫ్రై అనో రాసి ఉంటే తుప్పు పట్టని రకం. షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రేర్లీ 1913లో ఆ ఉక్కు పోత పోశాడు. అలాంటి మాట ఏదీ లేక బ్లేడు బూడిదరంగులోనో నల్లగానో ఉంటే అది మామూలు కార్బన్ ఉక్కు. నాకు ఇష్టమైనది అదే. తొందరగా నూరుకుంటుంది, సన్నటి పదును తీసుకుంటుంది, కాకపోతే తేమ పడదు. మన నేలకు ఇది కొత్త సంగతేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. పాశ్చాత్యులు వూట్జ్ అని రాసుకున్నది మన ఉక్కునే.

పిడి దేనితో చేశారో కూడా చూడండి. ఎముక అయితే పైన సన్నటి చుక్కల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. గేదె కొమ్ము నల్లగా, నున్నగా ఉంటుంది. జింక కొమ్ము గరుకుగా, చెట్టు బెరడులా ఉంటుంది. షెఫీల్డ్ వాళ్ళూ, జర్మనీలోని జోలింగెన్ వాళ్ళూ వాడిన జింక కొమ్ములో చాలా భాగం మన అడవుల కణుజుది, అంటే సాంబర్ జింకది. లోపల బోలు తక్కువ, గట్టిదనం ఎక్కువ అని దానికి అంత గిరాకీ. ఇప్పుడు మన దేశంలో ఆ కొమ్మూ, ఏనుగు దంతమూ అమ్మడం కొనడం వన్యప్రాణి చట్టం కింద నేరం. అలాంటి పిడి ఉన్న చాకు బజారులో కనిపిస్తే ఎంత ముచ్చటేసినా వదిలేయండి.

రంగురంగుల, పాలరాయిలాంటి పిడి ఉందనుకోండి. దాన్ని వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. దాని తయారీలో కర్పూరం వాడతారు. నిప్పు తగిలితే భగ్గున మండుతుంది, కాబట్టి వేడి సూది పరీక్షలు వద్దు. పాతబడి పాడవుతున్నప్పుడు ఆ పిడి నుంచి వచ్చే ఆవిరి బ్లేడుని తినేస్తుంది, పక్కనున్న చాకుల్ని కూడా. దాన్ని విడిగా, గాలి తగిలేచోట ఉంచాలి.

పనికొస్తుందా లేదా

ఈ పాత చాకుల్లో ఎక్కువవాటికి తాళం ఉండదు. పిడి వీపున ఉన్న ఉక్కు పట్టీ స్ప్రింగులా పనిచేసి, తెరిచిన బ్లేడుని నొక్కి నిలబెడుతుంది. ఆ పట్టీ బాగుంటే తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ టక్‌మని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసమే పాత చాకులు వెతుక్కునేవాళ్ళున్నారు. ఒకసారి విన్నాక నేనూ వాళ్ళలో చేరిపోయాను.

తెరిచి, బ్లేడుని అటూ ఇటూ మెల్లగా ఊపండి. వెంట్రుకవాసి కదలిక ఉంటే ఫరవాలేదు. టకటకలాడుతుంటే ఇరుసు రివిట్టు వదులైనట్టు. పనిమంతుడైన కమ్మరి చిన్న సుత్తితో నాలుగు దెబ్బల్లో బిగించగలడు, మొదటిసారి మనం చేస్తే పిడి పగులుతుంది. మూసినప్పుడు బ్లేడు మొన పిడిలో పూర్తిగా మునిగి ఉండాలి. పైకి తేలితే జేబులో వేలు తెగుతుంది. వెనక పట్టీ విరిగి ఉంటే మాత్రం అది జ్ఞాపకంగా దాచుకునే వస్తువు, కోతకు వాడకండి.

బిగుసుకుపోయిన బ్లేడుని పట్టకారుతో లాగకండి. గోరు పెట్టి తెరిచే గాడి దగ్గర బ్లేడు పలుచగా ఉంటుంది, అక్కడే విరుగుతుంది.

మురికి వదిలించడం

కావలసినవి ఇంట్లో ఉన్నవే. కుట్టుమిషను నూనె, పాత టూత్‌బ్రష్, కొబ్బరి చీపురు పుల్లలు, కాస్త దూది, పాత పంచె గుడ్డ.

ఇరుసు దగ్గర, పిడి లోపలి వైపు నుంచి, రెండు మూడు చుక్కల నూనె వేయండి. చాకుని ఇరుసు కిందికి వచ్చేలా ఒక గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు తోలు ముక్కతో బ్లేడు వీపు పట్టుకుని, కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపండి. కదిలినంతే కదపండి. మళ్ళీ నూనె వేసి మళ్ళీ ఆగండి. మా పెద్ద బ్లేడుకి ఇలా నాలుగు రాత్రులు పట్టింది. ఐదో రోజు పొద్దున అది కిర్రుమంటూ సగం దాకా వచ్చింది. సాయంత్రానికి పూర్తిగా తెరుచుకుంది. లోపల గట్టకట్టిన మురికిలో ఒక తెల్లటి పొడి కనిపించింది. సుద్దపొడి. ఆయన బడి జేబులోది. కాసేపు ఏమీ చేయాలనిపించలేదు నాకు.

చీపురు పుల్ల చివర దూది చుట్టి పిడి లోపలి సందులో తిప్పండి. పుల్ల ఎందుకంటే ఇనుప సూది లోపలి ఇత్తడి రేకుల్ని గీరేస్తుంది. మొదట బయటికొచ్చే నూనె కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంటుంది. నూనె వేస్తూ, తెరుస్తూ మూస్తూ, తుడుస్తూ పోండి. గుడ్డకి అంటుకునే నూనె దాని అసలు రంగులో కనిపించే దాకా ఇదే పని. విసుగనిపించినా ఆపకండి. చాకు నడక బాగుపడేది ఇక్కడే.

చింతపండు మాత్రం వద్దు. ఇత్తడి బిందె తళతళలాడేది దాంతోనే గనక చాలామంది చాకుని కూడా చింతపండు నీళ్ళలో నానబెడతారు. ఆ పులుపు ఉక్కుని తింటుంది. పైన తుడిచినా లోపల స్ప్రింగు సందులో నిలిచిపోయి నెల తరవాత ఎర్రగా బయటపడుతుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. నీళ్ళలో నానబెట్టడం అసలే కూడదు, ఎముక పిడి పగుళ్ళిస్తుంది. పిడిని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి, చాలు.

తుప్పు ఏది, నీడ ఏది

పాత బ్లేడు మీద రెండు రకాల రంగులుంటాయి. ఎర్రగా, గోధుమరంగులో, వేలికి పొడిగా అంటేది తుప్పు. అది పోవాలి. నల్లగా, నీలంగా, బూడిదరంగులో, నున్నగా ఉక్కుతో కలిసిపోయి ఉండేది పాత కార్బన్ ఉక్కుకి సహజంగా ఏర్పడే పొర. అది ఉండాలి. కొంతవరకు తుప్పు రాకుండా కాపాడేది కూడా అదే.

ఆ నలుపు ఎలా వస్తుందో మన పాతకాలపు రాతగాళ్ళకి బాగా తెలుసు. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే నల్లటి సిరా అవుతుంది. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపెక్కుతుంది. చాకుతో పచ్చి మామిడికాయో, జామకాయో, వక్కో కోసినప్పుడు బ్లేడు మీద జరిగేది చాలావరకు ఆ సిరా తయారీ లాంటిదే. అందుకే కొత్తగా శుభ్రం చేసిన బ్లేడుతో మొదట కోసిన పండుకి కాస్త ఇనుప రుచి వస్తుంది. నాలుగు వారాలు వాడి, పొర కుదురుకున్నాక ఆ రుచి దాదాపు పోతుంది.

తుప్పు తీయడానికి ఇత్తడి తాళంచెవి అంచు చాలు. బ్లేడు మీద నూనె రాసి, తాళంచెవి అంచుతో తుప్పుని మెల్లగా గీకండి. ఇత్తడి ఉక్కుకన్నా మెత్తన, తుప్పు లేస్తుంది గానీ బ్లేడు మీద గీత పడదు. మిగిలినదానికి నాలుగు సున్నాల (0000) స్టీల్ వుల్, అంటే బాగా సన్నటి ఉక్కు పీచు, దొరికితే నూనెలో ముంచి, బ్లేడు పొడవునా ఒకే దిశలో రుద్దండి. ముద్ర దగ్గర చెయ్యి ఆపండి. గరుకు కాగితం, గిన్నెలు తోమే పీచు, మోటారుకి తగిలించే పాలిష్ చక్రం, ఈ మూడూ దూరం పెట్టండి. లోతుగా పడ్డ తుప్పు గుంటలు పోవాలంటే బ్లేడు మొత్తం అరగదీయాలి. అది మంచి బేరం కాదు. గుంటలో ఎరుపు పోయి నలుపు మిగిలితే అక్కడితో ఆపేయండి.

పదును

ఇక్కడ నావల్ల జరిగిన ఒక నష్టం చెప్పాలి. తాతయ్య చాకు కన్నా ముందు నా దగ్గరికి ఇంకొకటి వచ్చింది, మా పెదనాన్నది. తొందరపడి దాన్ని వీధిలో సాన పట్టేవాడికి ఇచ్చాను. పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేచాయి. అర నిమిషంలో తిరిగొచ్చింది. మొన దగ్గర నెమలికంఠం నీలం. ఆ నీలం చూసి ముచ్చటపడ్డాను కూడా. అది ఉక్కు కాలిన రంగని తరవాత తెలిసింది. వేడెక్కిన ఉక్కు ముందు గడ్డిరంగుకి తిరుగుతుంది, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలమవుతుంది. అక్కడికొచ్చేసరికి కత్తి అంచుకి కావలసిన గట్టిదనం తగ్గిపోతుంది. ఆ మొన ఇప్పటికీ రెండు రోజులు పదును నిలుపుకోదు. వంటింటి కత్తిపీటకి, కొడవలికి ఆ చక్రం సరిపోతుంది. తాతలనాటి పలుచటి చాకుకి మీ చేతులే కావాలి.

హార్డ్‌వేర్ కొట్లో వడ్రంగులు వాడే రెండువైపుల సానరాయి దొరుకుతుంది, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు. నున్నటి వైపే వాడండి. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే వెయ్యి నంబరు నీటి రాయి, అంటే నీళ్ళతో తడిపి వాడే సానరాయి, తెచ్చుకోండి, పాత చాకుకి అంతకన్నా అక్కర్లేదు. రాయి కింద తడిగుడ్డ పరవండి, జారకుండా.

కోణం గురించి కొత్తవాళ్ళు బెంగపడతారు. పదిహేను నుంచి ఇరవై డిగ్రీలంటే చేతికి అర్థం కాదు. మూడు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి రాయి మీద పెట్టండి. బ్లేడు వీపు వాటి మీద, అంచు రాయి మీద ఆనేలా పట్టుకోండి. ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున్న బ్లేడుకి ఆ ఎత్తు సరిగ్గా సరిపోతుంది. సన్నటి చిన్న బ్లేడుకి రెండు బిళ్ళలు చాలు. చేతికి ఆ ఎత్తు గుర్తుండిపోయాక బిళ్ళలు తీసేయండి.

ముందు బ్లేడు అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్ల గీత గీయండి. రాయి మీద రెండుసార్లు తోసి చూడండి. సిరా అంచు చివర్న పోతే మీ కోణం సరైనది. పైన పోయి చివర్న మిగిలితే వీపు కొంచెం ఎత్తాలి. ఈ చిన్న చిట్కా నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బోలెడు శ్రమ తప్పేది.

ఇక నూరడం. రాయి మీంచి పలుచటి పొర చెక్కుతున్నట్టు, అంచు ముందుకు నడిచేలా, మొదలు నుంచి మొన దాకా ఒకే ఊపులో తోయండి. బరువు వేయొద్దు. నాలుగైదు తోపులకొకసారి ఆగి, అవతలి వైపు బొటనవేలి మెత్తటి భాగాన్ని వీపు నుంచి అంచు వైపుకి, అంచు దాటి బయటికి జార్చి చూడండి. అంచు వెంబడి ఎప్పుడూ జార్చకండి. అవతలి వైపుకి సన్నటి గరుకు మడత తిరిగినట్టు తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా అంతటా అది తగిలితేనే చాకు తిప్పి రెండోవైపు మొదలుపెట్టాలి. చాలామంది ఓపిక పట్టలేక ఇక్కడే తిప్పేస్తారు, ఎంత నూరినా తెగడం లేదంటారు. రెండోవైపూ మడత వచ్చాక, ఇటొకటి అటొకటి చొప్పున, ప్రతిసారీ ఇంకా తేలిగ్గా, ఓ పదిసార్లు తోయండి.

నునుపు కోసం ఖరీదైన రాళ్ళు అక్కర్లేదు. పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది. అదే మంచి సానరాయి. అటూ ఇటూ ఐదేసిసార్లు, ఈకతో తాకినట్టు. ఆఖరున తోలు. మంగలి షాపుల్లో కత్తి తోలు పట్టీ మీద ఎలా తిప్పేవారో చూసినవాళ్ళకి గుర్తుంటుంది. వీపు ముందు, అంచు వెనక వచ్చేలా లాగాలి, తిరగేస్తే తోలు తెగుతుంది. పాత బెల్టు లోపలి గరుకు వైపు ఈ పనికి చక్కగా ఉంటుంది. ఇటు పదిహేను, అటు పదిహేను.

దినపత్రిక కాగితం ఒక చేత్తో వేలాడదీసి, అంచు మీద చాకు ఆనించి కిందికి లాగండి. సర్రున దిగితే అయింది. ఎక్కడైనా పీకినట్టు చిరిగితే బ్లేడులో ఆ చోటు ఇంకా మొద్దుగా ఉన్నట్టు. ఇంత చేశాక మళ్ళీ రాయి అక్కర్లేకుండా రెండు మూడు నెలలు తోలుతోనే సరిపెట్టుకోవచ్చు. ఊరికే నూరుతుంటే బ్లేడు కరిగిపోతుంది. మా తాతయ్య చిన్న బ్లేడు అసలు వెడల్పులో మూడో వంతు అరిగిపోయి ఉంది. ఆయన తరం పదును మీద పెట్టిన శ్రద్ధ అది.

వాడకం

మొదటి పనిగా పెన్సిలు చెక్కండి. పదును గురించి చెయ్యి అంత బాగా తెలుసుకునే పని ఇంకోటి లేదు. ఎడమ చేతిలో పెన్సిలు, కుడి చేతిలో చాకు. చాకు చేతిని కదపకుండా ఉంచి, ఎడమ బొటనవేలితో బ్లేడు వీపుని ముందుకు తోయండి. పొట్టు సన్నటి చుట్టలుగా లేస్తుంది, దేవదారు చెక్క అయితే గదంతా వాసన. చుట్ట తెగకుండా వస్తే పదును కుదిరింది. ముక్కలు ముక్కలుగా రాలితే తోలు మీదికి వెళ్ళాలి. తాతయ్య చెక్కిన పెన్సిలు ములుకు పొడుగ్గా, ఆరు పలకలుగా ఉండేది. షార్పెనరు అలా చేయలేదు.

తరవాత పండ్లు. బంగినపల్లి తొక్క తొడిమ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా తెగకుండా ఒకే పట్టీగా తీయడానికి పలుచటి కార్బన్ బ్లేడు వంటింటి కత్తికన్నా మేలు. జామకాయ, బత్తాయి, పూలదండ దారం, పార్సిలు టేపు, బియ్యం బస్తా కుట్టు, గులాబీ కొమ్మ. ఇవన్నీ దాని పనులే. చేయకూడని పనులు కూడా ఉన్నాయి. డబ్బా మూతలు లేపొద్దు, స్క్రూలు తిప్పొద్దు, కొబ్బరికాయ జోలికి పోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, దేన్నీ పొడవొద్దు. తాళం లేదు కాబట్టి మొన మీద బరువు పడితే బ్లేడు మీ వేళ్ళ మీదికే మడుచుకుంటుంది. మూసేటప్పుడు పిడిని పక్కల నుంచి పట్టుకుని, గాడి దారిలో వేలు లేకుండా చూసుకుని, రెండో చేతి అరచేతితో వీపు నొక్కండి.

ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే మూసి ఇవ్వండి. మా అమ్మమ్మ చాకుని చేతికి చెయ్యి ఇవ్వనిచ్చేది కాదు, కింద పెడితే తీసుకోవాలి. గొడవలొస్తాయనేది ఆవిడ నమ్మకం. వేళ్ళు తెగకుండా ఉండడానికి మాత్రం అది మంచి అలవాటే, నేను పాటిస్తున్నాను.

పులుపు ఏది కోసినా వెంటనే తుడవండి. కడగాల్సి వస్తే బ్లేడు మటుకే కడిగి, ఆరబెట్టి, లోపల తేమ పోయేదాకా అరగంట తెరిచి ఉంచండి.

జేబులో పెట్టుకుని తిరగొచ్చా

మన ఆయుధ నిబంధనల్లో లెక్కలోకి వచ్చేవి 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడులు, అవి కూడా ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి కాకుండా. మన మడత చాకు మూడంగుళాలు దాటదు. అయినా సభలకు, కోర్టుకు, పోలింగు కేంద్రానికి తీసుకెళ్ళకండి. పోలీసు నిషేధాజ్ఞలు ఉన్న రోజుల్లో ఇంట్లోనే ఉంచండి. విమానంలో చేతిసంచిలో పెడితే తీసేసుకుంటారు, చెక్-ఇన్ పెట్టెలో వేసుకోవాలి. ఎంతోమంది తాత చాకులు అలా పోగొట్టుకున్నారు. రామ్‌పురీ చాకుకి సినిమాల వల్ల వచ్చిన పేరు ఉంది కాబట్టి అలాంటి పెద్ద బొత్తాం చాకులు జేబులో వేసుకోకండి.

లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్నవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం, అంచు 3 అంగుళాలు మించని, తాళం పడని మడత చాకుని కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు. తాళం ఉంటే, బ్లేడు ఎంత చిన్నదైనా, సరైన కారణం చూపించాలి. స్ప్రింగు మీద నిలబడే పాత షెఫీల్డ్ చాకు ఈ లెక్కలో సరిపోతుంది.

ఇంట్లో లేకపోతే

హైదరాబాదులో గురువారం పూట జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత చూడండి. పాత తాళాలు, ఇత్తడి దీపాల మధ్య దొరుకుతాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే, వెలుతురులో చేయండి. మెరిసిపోతున్న పాత చాకు కన్నా మురికిగా ఉన్నదాన్నే ఎంచుకోండి. మెరుపు కింద ఏం దాచారో తెలియదు, మురికిని మనం కడుక్కోగలం.

సంతలో దొరకకపోతే పాతకాలపు పద్ధతిలోనే ఇప్పటికీ తయారవుతున్న ఓపినెల్ ఉంది. ఫ్రాన్స్‌లోని సవాయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్క పిడి చాకు అది. 1955లో తిప్పే లోహపు ఉంగరంతో తాళం చేర్చారు. ఎనిమిదో నంబరు, కార్బన్ ఉక్కుది తీసుకోండి. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, పెద్ద చేతికీ చిన్న చేతికీ కుదురుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది, కంగారు పడకండి, ఆరితే వదులవుతుంది.

దాచడం

రోజూ వాడే చాకుకి జేబే మంచి చోటు. వాడనప్పుడు తోలు ఒరలో మాత్రం పెట్టకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, దాన్ని ఊనవేసిన మందులు ఉక్కుని తింటాయి. పాత నూలు గుడ్డకి కాస్త నూనె రాసి చుట్టి, బూట్ల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లంతో పాటు రేకు డబ్బాలో ఉంచండి.

బ్లేడుకి ఏ నూనె? వంటనూనెలు వద్దు, కొన్నాళ్ళకి జిగురుకట్టి ఇరుసుని పట్టేస్తాయి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, కనరు వాసన కూడా వస్తుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి. రంగూ రుచీ వాసనా ఉండవు, పండు కోసుకున్నా ఇబ్బంది లేదు. వేలి చివర ఒక చుక్క తీసుకుని బ్లేడుకి రాసి, రాసిందంతా తుడిచేయండి. తుడిచాక మిగిలేదే సరిపోతుంది. ఇరుసుకి మాత్రం కుట్టుమిషను నూనె, నెలకొక చుక్క.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రగాలి ఊళ్ళలో ఉంటే జూన్ నుంచి డిసెంబరు దాకా వారానికొకసారి తెరిచి చూడాలి. బ్లేడు వీపు, గోరు గాడి, ముద్ర గీతలు, ముందు ఈ మూడు చోట్ల. తాతయ్య చాకు చిన్న బ్లేడు మీద మూడు గుంటలు మిగిలిపోయాయి. వాటిని అరగదీయలేదు. తేమ ముందు దిగేది అక్కడే కాబట్టి, వానలు మొదలవగానే ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మొదట చూసేది ఆ మూడింటినే.